ముందుచక్రం లేచినప్పుడు మోటారుసైకిల్ ఇంజన్‌లో చమురు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల చెరువు పదజాలంతో శాస్త్రవివరణ

వ్యాససంగ్రహం:

మోటారుసైకిల్ ముందుచక్రాన్ని గాలిలోకి లేపి వెనుకచక్రం మీదే నడపడాన్ని వీలీ అంటారు. ఆ స్థితిలో ఇంజన్ అడుగున నిలిచి ఉండే చమురు వెనక్కి జారుతుంది. అప్పుడు పంపుకు చమురు అందుతుందా, అందకపోతే ఇంజన్ ఏమవుతుంది అనేవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు. చక్రం ఎంత ఎత్తు లేచింది అన్నదాని కంటే చమురు మట్టం ఎంత ఉంది, పంపు చమురును ఎక్కడ నుంచి పీలుస్తుంది, ఆ స్థితి ఎంతసేపు కొనసాగింది అనే మూడు అంశాలే ఇంజన్ క్షేమాన్ని నిర్ణయిస్తాయని వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ విషయాన్ని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల సేద్యపు వ్యవహారంలో ఉన్న చెరువు, తూము, బావి, వర్షాధారం వంటి మాటలతో వివరిస్తుంది. ఆ మాటలు శాస్త్రవివరణకు ఎంతవరకు సరిపోతాయో, ఎక్కడ సరిపోవో కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: కందెన, స్నేహనం, సంపు, తూము, గరిమనాభి, వీలీ, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లా నుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ ఈ జిల్లాలోని రెవెన్యూ డివిజన్లు. జిల్లాకేంద్రం 44వ జాతీయ రహదారి మీద ఉంది. ఎల్లారెడ్డి వైపు మంజీర నది, నిజాంసాగర్, పోచారం జలాశయం, చెరువుల కింది వరి పొలాలు కనిపిస్తాయి. ఈ రెండు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెలలో మోటారుసైకిల్ అన్ని పనులకూ వాడే వాహనం. పాలక్యాను, ఎరువుల బస్తా, కళాశాలకు వెళ్ళే విద్యార్థి అందరికీ అదే ఆధారం. అదే వాహనం యువకుల చేతిలో విన్యాసాల సాధనంగా కూడా మారుతున్నది.

వీలీ గురించి తెలుగులో జరిగే చర్చ ఎక్కువగా ప్రమాదాల దగ్గర, చట్టం దగ్గర ఆగిపోతుంది. అది అవసరమైన చర్చే. కాని ఆ సమయంలో యంత్రం లోపల జరిగేది చెప్పే వివరణ తెలుగులో అరుదు. ఆ లోటు వల్ల రెండు అపోహలు నిలిచి ఉన్నాయి. చక్రం కొద్దిగా లేపితే ఇంజన్‌కు ఏమీ కాదు, బాగా నిటారుగా లేపితేనే చమురు అందదు అన్నది మొదటిది. వీలీ చేయని వారికి ఈ సమస్యతో సంబంధం లేదన్నది రెండవది. ఈ రెండూ సరికావని నిరూపించడానికి పాఠశాల స్థాయి భౌతికశాస్త్రం, రైతుకు తెలిసిన నీటి లెక్క చాలు.

2. కందెన: ఇరుసు నుంచి ఇంజన్ దాకా:

ఎడ్లబండి ఇరుసుకు రాసే జిడ్డు పదార్థానికి తెలుగులో ఉన్న పాతమాట కందెన. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి దీన్ని తయారుచేసేవారు. పాఠ్యగ్రంథాలలో దీనికి స్నేహకం అని, కందెన అందించే ప్రక్రియకు స్నేహనం అని వాడుక ఉంది. సంస్కృతంలో స్నేహశబ్దానికి నూనె, జిడ్డు అనే అర్థాలతో పాటు ప్రేమ అనే అర్థమూ ఉండటం ఇక్కడ గమనించదగినది. రెండు గరుకు తలాల మధ్య చేరి అవి ఒరుసుకోకుండా చూడటమే స్నేహకం పని.

ఆముదానికి ఆధునిక యంత్రాలతో కూడా సంబంధం ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లలో ఆముదాన్నే కందెనగా వాడారు. 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ స్థాపించిన సంస్థ తన ఇంజన్ చమురుకు పెట్టుకున్న కాస్ట్రాల్ అనే పేరు, ఆముదానికి ఆంగ్లంలో ఉన్న కాస్టర్ అనే పేరు నుంచి వచ్చినదే.

కందెన ఎలా పనిచేస్తుందో శాస్త్రీయంగా తెలిసింది 19వ శతాబ్ది చివరలో. బ్రిటన్‌లో బోషాంప్ టవర్ 1883 ప్రాంతంలో రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. బేరింగు పైభాగంలో చేసిన రంధ్రానికి బిరడా బిగిస్తే, లోపలి చమురు దాన్ని బయటికి నెట్టివేసింది. తిరిగే ఇరుసు చమురును తనతో పాటు ఇరుకైన సందులోకి లాగి, బరువును మోయగల ఒత్తిడిని పుట్టిస్తున్నదని దీనివల్ల తెలిసింది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతాన్ని అందించాడు. దీని సారం ఒక్కటే. ఇరుసు బేరింగును తాకి తిరగదు, పలుచని చమురు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర నిలవాలంటే చమురు ఎడతెగకుండా అందుతూ ఉండాలి.

3. ఇంజన్‌లో చమురు నడక: చెరువు నమూనా:

నాలుగు స్ట్రోకుల మోటారుసైకిల్ ఇంజన్ అడుగుభాగంలో చమురు నిలిచే చోటును సంపు అంటారు. ఇళ్ళలో నీళ్ళు నిల్వచేసే తొట్టికి కూడా ఇదే పేరు వాడుకలో ఉండటం వల్ల ఈ మాట తెలుగువారికి కొత్తది కాదు. 100 సి.సి. తరగతి బండ్లలో దాదాపు ఒక లీటరు చమురు పడుతుంది. ఆ చమురే క్రాంక్‌షాఫ్ట్‌కు, పిస్టన్‌కు, వాల్వులకు, గేర్లకు, క్లచ్‌కు అందుతుంది.

సంపు అడుగున జల్లెడ బిగించిన పీల్పునోరు ఒకటి ఉంటుంది. దాని ద్వారా పంపు చమురును లాగి, సన్నని దారుల గుండా పైకి పంపుతుంది. పని పూర్తిచేసిన చమురు గోడల మీదుగా కిందికి జారి తిరిగి సంపులో చేరుతుంది. చెరువు నమూనాలో ఈ భాగాలను పోల్చవచ్చు. సంపు చెరువు. పీల్పునోరు తూము. చమురు దారులు కాలువలు. బేరింగులు ఆయకట్టు. ఒక్క ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఆయకట్టుకు పారిన నీరు చాలావరకు చెరువుకు తిరిగిరాదు, ఇంజన్‌లో చమురు నిమిషానికి ఎన్నోసార్లు తిరిగివస్తుంది.

ఈ పోలికకు ఈ ప్రాంతంలో బలమైన ఆధారం ఉంది. 1923-1931 మధ్య మంజీర మీద నిర్మించిన నిజాంసాగర్ ఈ జిల్లాలోనే ఉంది. చెరువుల పునరుద్ధరణకు ఉద్దేశించిన మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్‌లోనే ప్రారంభమైంది. తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు అనే మాటలు ఇక్కడి రైతుకుటుంబాల విద్యార్థులకు పుస్తకం తెరవకముందే తెలుసు.

చెరువులో నీరు తగ్గినప్పుడు ముందుగా బయటపడేది కట్టకు దూరంగా ఉన్న శిఖం భూమి. చివరిదాకా నీరు నిలిచేది కట్టను ఆనుకొని, తూము దగ్గర. తూము కట్టినవారి నేర్పు లోతైన చోటును ఎంచుకోవడంలోనే ఉంది. ఇంజన్ రూపకర్త కూడా పీల్పునోటిని చమురు చివరిదాకా నిలిచే చోటనే పెడతాడు. అయితే చెరువు ఎన్నడూ ఒరగదు. మోటారుసైకిల్‌లోని చెరువు మాత్రం బండితో పాటు ఒరుగుతుంది. వీలీ సమస్య మొత్తం ఈ ఒక్క తేడాలోనే ఉంది.

4. చమురుకు 'కింద' అంటే ఏది?:

ఎడ్లబండిలో వెనుకవైపు బరువు ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది. బరువు ఇరుసుకు ముందుంటే నొగ కిందికి దిగుతుంది. మోటారుసైకిల్‌లో బండి, మనిషి కలిసిన మొత్తం బరువు ఒకే బిందువు వద్ద ఉన్నట్లు భావిస్తే దాన్ని గరిమనాభి అంటారు. ఇది వెనుకచక్రం నేలను తాకే చోటుకు ముందు, నేలకు కొంత ఎత్తున ఉంటుంది. అందువల్ల మామూలుగా ముందుచక్రం నేల మీదనే ఉంటుంది. వాహనం బలంగా వేగం పుంజుకున్నప్పుడు నేల వెనుకచక్రాన్ని ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడు నేలమట్టం వద్ద, గరిమనాభి అంతకంటే పైన ఉన్నందున బండి వెనక్కి తిరగబోతుంది. ఆ తిప్పుడు బరువును మించితే ముందుచక్రం లేస్తుంది.

ఒక ఉదాహరణగా, గరిమనాభి వెనుకచక్రం నేలను తాకే చోటుకు 60 సెం.మీ. ముందు, నేలకు 65 సెం.మీ. ఎత్తున ఉందనుకుంటే, చక్రం లేవడానికి గురుత్వత్వరణంలో 0.92 వంతు త్వరణం కావాలి. 100 సి.సి. బండి ఇంజన్‌కు అంత శక్తి ఉండదు. అందుకే అటువంటి బండ్ల మీద క్లచ్‌ను హఠాత్తుగా వదలడం, ఒంటిని వెనక్కి వాల్చి హ్యాండిల్‌ను లాగడం వంటి పద్ధతులతో చక్రాన్ని లేపుతారు.

చక్రం లేచి ఒకే కోణంలో నిలిచినప్పుడు బండిని నేల తాకేది ఒక్క వెనుకచక్రం దగ్గరే. నేల ఇచ్చే మొత్తం బలం ఆ ఒక్క చోటు నుంచే వస్తుంది. ఆ బలరేఖ గరిమనాభి గుండా పోకపోతే బండి ఇంకా పైకి లేస్తుంది లేదా కిందికి దిగుతుంది. నిలకడగా ఉందంటే బలరేఖ గరిమనాభి గుండానే పోతున్నదని అర్థం. సంపులోని చమురుకు 'కింద' అనిపించే దిశ ఈ బలానికి సరిగ్గా వ్యతిరేక దిశ. అంటే గరిమనాభి నుంచి వెనుకచక్రం నేలను తాకే చోటు వైపు గీసిన గీతే చమురుకు కింది దిశ.

చక్రం వ్యాసార్థాన్ని పట్టించుకోని సరళమైన లెక్కలో ఈ గీత బండికి స్థిరంగా బిగించినట్లు ఉంటుంది. నిజమైన బండిలో చక్రం లేచేకొద్దీ వాలు ఇంకా పెరుగుతుంది. ఆ సరళమైన లెక్క ప్రకారం పై ఉదాహరణలో గీత బండి నిలువుగీతకు సుమారు 43 డిగ్రీల కోణంలో ఉంటుంది. ముందుచక్రం 43 డిగ్రీలు లేస్తే గరిమనాభి సరిగ్గా చక్రానికి పైన నిలుస్తుంది, త్వరణం లేకుండానే బండి తూగుతుంది, చమురు 43 డిగ్రీలు వాలుతుంది. చక్రం 20 డిగ్రీలే లేచినప్పుడు అలాగే నిలవాలంటే గురుత్వంలో 0.42 వంతు త్వరణం కావాలి. ఆ త్వరణం చమురును మరో 23 డిగ్రీలు వెనక్కి వాలుస్తుంది. రెండూ కలిస్తే మళ్ళీ 43 డిగ్రీలే. చక్రం నేలను వీడబోయే క్షణంలో కూడా త్వరణం ఒక్కటే చమురును అంతే వాలుస్తుంది.

గాలి నిరోధం, చక్రాన్ని ఎత్తే క్షణంలోనూ దించే క్షణంలోనూ వచ్చే కుదుపు, సస్పెన్షన్ కదలిక, కూర్చున్న మనిషి కదలిక ఈ లెక్కను కొంత మారుస్తాయి. అయినా ప్రధాన ఫలితం మారదు. నిలకడగా సాగే వీలీలో చక్రం కొద్దిగా లేచినా చమురు వాలు ఎక్కువగానే ఉంటుంది. కొద్దిగా లేపితే ఇంజన్‌కు భయం లేదన్న మొదటి అపోహకు ఇదే సమాధానం. ముందు బ్రేకు బలంగా వేసి వెనుకచక్రాన్ని లేపే విన్యాసంలో కూడా ఇదే సూత్రం తిరగబడి పనిచేస్తుంది. అప్పుడు చమురు ముందుకు జారుతుంది.

5. ఒక లెక్క: మట్టం, తూము స్థానం:

సంపును ముందు నుంచి వెనుకకు 20 సెం.మీ. పొడవున్న సాధారణ పెట్టెగా ఊహించవచ్చు. నిజమైన సంపు ఇంత సరళంగా ఉండదు కాని సూత్రం అర్థం కావడానికి ఈ రూపం చాలు. చమురు లోతు 4 సెం.మీ., పీల్పునోరు సరిగ్గా మధ్యలో, అడుగుకు 1 సెం.మీ. ఎత్తున ఉందనుకోవాలి.

చమురు 43 డిగ్రీలు వాలితే పెట్టె వెనుకభాగంలో త్రికోణాకారంలో పోగవుతుంది. వెనుక గోడ నుంచి 13.2 సెం.మీ. దూరం వరకు అడుగు చమురులో ఉంటుంది. ముందున్న 6.8 సెం.మీ. మేర అడుగు ఎండిపోతుంది. మధ్యలో ఉన్న నోటి దగ్గర చమురు లోతు దాదాపు 3 సెం.మీ. అంటే నోరు చమురులో మునిగే ఉంటుంది. నోరు ముందువైపు మూడోవంతులో ఉంటే మాత్రం పంపు గాలిని పీలుస్తుంది.

చమురు సగానికి తగ్గి లోతు 2 సెం.మీ. అయిందనుకుంటే ఫలితం పూర్తిగా మారుతుంది. చదునైన దారిలో నోరు ఇంకా 1 సెం.మీ. లోతున మునిగే ఉంటుంది కనుక ఏ లోపమూ కనిపించదు. 43 డిగ్రీల వాలులో మాత్రం చమురు వెనుక గోడ నుంచి 9.3 సెం.మీ. వరకే చేరుతుంది. 10 సెం.మీ. దగ్గర ఉన్న నోరు పూర్తిగా బయటపడుతుంది. నిండు మట్టంలో ప్రమాదం లేని పనే సగం మట్టంలో ఇంజన్‌కు ముప్పు అవుతుంది. పైగా ఇంజన్ నడుస్తున్నప్పుడు కొంత చమురు దారులలో, గోడల మీద, గేర్ల మధ్య ఉంటుంది. అందువల్ల నడిచే ఇంజన్ సంపులోని మట్టం ఆగిన ఇంజన్‌లో కొలిచిన మట్టం కంటే తక్కువే.

6. గాలి పట్టిన పంపు:

బావిలో నీరు ఫుట్‌వాల్వు కిందికి దిగితే మోటారు గాలి పట్టిందని రైతులు అంటారు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపులో నీరు రాదు. ఇంజన్‌లోని చమురు పంపుకు జరిగేదీ ఇదే. ద్రవాన్ని నెట్టడానికి తయారైన పంపు గాలిని నెట్టినప్పుడు గాలి నొక్కుకుపోతుంది, దారులలో ఒత్తిడి పడిపోతుంది. నోరు మళ్ళీ చమురులో మునిగిన తరువాత కూడా దారులలో చేరిన గాలి వెళ్ళిపోవడానికి కొంత సమయం పడుతుంది.

ఇంజన్ ఆ క్షణంలోనే చెడిపోదు. బేరింగు సందులో అప్పటికే ఉన్న చమురు పొర కొద్దిసేపు కాపాడుతుంది. ఆ సందు సాధారణంగా మిల్లీమీటరులో కొన్ని నూరోవంతులు మాత్రమే. అందులోని చమురు నిరంతరం పక్కలకు కారిపోతూ ఉంటుంది. నిమిషానికి 6,000 సార్లు తిరిగే క్రాంక్‌షాఫ్ట్ 5 సెకన్లలో 500 సార్లు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల సిలిండర్‌లో ఆ వ్యవధిలో 250 సార్లు ఇంధనం మండుతుంది. మండిన ప్రతిసారీ పడే దెబ్బను మోయవలసింది ఆ పలుచని పొరే. ఒక సెకను పాటు లేచి దిగిన చక్రానికీ, పది సెకన్లు నిలిచిన చక్రానికీ ఇంజన్ దృష్టిలో ఉన్న తేడా ఇది.

పొర తెగితే లోహం లోహాన్ని తాకుతుంది. వేడి పెరుగుతుంది, వేడికి చమురు స్నిగ్ధత తగ్గుతుంది, పలుచబడ్డ చమురు ఇంకా త్వరగా కారిపోతుంది. చివరికి రెండు లోహతలాలు అతుక్కుంటాయి. మెకానిక్కుల భాషలో ఇంజన్ పట్టేయడం అంటే ఇదే. వేగంగా పోతున్న బండి ఇంజన్ పట్టేస్తే, క్లచ్ వెంటనే నొక్కకపోతే, వెనుకచక్రం కూడా తిరగడం ఆగిపోతుంది. ఒకే చక్రం మీద పోతున్న మనిషికి ఆధారం ఆ చక్రమే. యంత్రనష్టం ప్రాణనష్టంగా మారే చోటు ఇది.

దీనికి భిన్నమైన మరో ఇబ్బంది కూడా ఉంది. వెనక్కి పోగైన చమురు ఇంజన్ ఊపిరి గొట్టం ద్వారా గాలిపెట్టెలోకి చేరితే, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వెళ్ళి మండి నీలిఛాయ గల పొగగా వస్తుంది. అందుకే చమురు ఎక్కువ పోస్తే మేలు అనుకోవడం కూడా పొరపాటే. చెరువుకు మత్తడి ఎంత అవసరమో సంపుకు పై హద్దు అంత అవసరం.

7. ఇంజన్ రకాలు: చెరువు, బావి, వర్షాధారం:

అన్ని ఇంజన్లూ ఈ పరిస్థితిని ఒకే విధంగా ఎదుర్కోవు. మూడు ప్రధానభేదాలను గమనించవచ్చు.

7.1 చెరువు పద్ధతి: చమురు ఇంజన్ అడుగునే నిలిచే పద్ధతి ఇది. నేటి మోటారుసైకిళ్ళలో ఎక్కువభాగం ఈ కోవకే చెందుతాయి. చమురు ఒక్కసారిగా జారకుండా సంపులో అడ్డుపలకలు పెట్టడం, పీల్పునోటి దగ్గర అడుగును లోతుగా చేయడం ఇందులో తీసుకునే జాగ్రత్తలు. ఈ పద్ధతిలోనే బేరింగుల భేదం ముఖ్యం. ఒకే సిలిండర్ ఉన్న చాలా చిన్న బండ్లలో క్రాంక్‌షాఫ్ట్ గుండ్ల బేరింగుల మీద తిరుగుతుంది. గుండ్లు దొర్లుతాయి కనుక చమురు తుంపరలు తడిపినా కొంతసేపు తట్టుకుంటాయి. ఎక్కువ సిలిండర్ల పెద్ద బండ్లలో నున్నని పెంకు బేరింగులు ఉంటాయి. ఇవి ఎక్కువ బరువును మోయగలవు కాని ఒత్తిడితో వచ్చే చమురు లేనిదే నిలవవు. అందువల్ల సులువుగా వీలీ చేయగల శక్తి ఉన్న పెద్ద బండికే చమురు కొరత ముప్పు కూడా ఎక్కువ.

7.2 బావి పద్ధతి: చమురును ఇంజన్ అడుగున నిలవనీయకుండా, ఒక పంపు దాన్ని వేరే తొట్టికి తోడివేస్తుంది. మరో పంపు ఆ తొట్టి నుంచి బేరింగులకు పంపుతుంది. 1969 నాటి హోండా సి.బి. 750లో ఈ పద్ధతి ఉంది. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌లో ఈ తొట్టిని ఇంజన్ పోతలోనే అమర్చారు. తొట్టి వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ అయితే కలిగే లాభం పై లెక్కతోనే తెలుస్తుంది. 20 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. లోతుకు బదులు అదే చమురు 8 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. లోతులో ఉందనుకుంటే, 43 డిగ్రీల వాలులో వెనుక లోతు 13.7 సెం.మీ., ముందు లోతు 6.3 సెం.మీ. అవుతుంది. అడుగు ఎక్కడా బయటపడదు. సగం చమురుతో కూడా ముందువైపు 1.3 సెం.మీ. మిగులుతుంది. ఎండకాలంలో చెరువు ఎండినా బావి అడుగున నీరుండటానికీ, ఈ తొట్టి వాలును తట్టుకోవడానికీ ఆకారమే మూలం.

7.3 వర్షాధార పద్ధతి: యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి టూ-స్ట్రోక్ బండ్లలో క్రాంక్‌షాఫ్ట్ కింద చమురు నిల్వ ఉండదు. పెట్రోలుతో పాటు వచ్చే చమురు తుంపరలే బేరింగులను తడిపి, ఆ తరువాత మండిపోతాయి. గేర్లకు మాత్రం వేరే చమురు ఉంటుంది. చెరువే లేనప్పుడు తూము బయటపడే ప్రశ్న లేదు. 1991లో జపాన్‌కు చెందిన యసుయుకి కుదో ఎక్కడా ఆగకుండా 331 కిలోమీటర్లు వెనుకచక్రం మీదే నడిపి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆయన వాడిన హోండా టి.ఎల్.ఎం. 220 ఆర్ టూ-స్ట్రోక్ బండి కావడం ఇక్కడ గుర్తించదగిన విషయం. అది ప్రయోగస్థలంలో జరిగిన సాధన, రహదారి మీద జరిగినది కాదు.

8. ప్రాంతీయ అన్వయం: వీలీ లేకుండానే వచ్చే ముప్పు:

వీలీ చేయని వారికి ఈ విషయంతో సంబంధం లేదన్న రెండవ అపోహను ఇక్కడ పరిశీలించాలి. చమురు వాలడానికి చక్రం లేవనవసరం లేదు. ఎత్తు ఒకటికి పొడవు రెండు చొప్పున వాలున్న గట్టును నేరుగా ఎక్కే బండిలో చమురు సుమారు 27 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. పై పెట్టెలో సగం చమురే ఉంటే, మధ్యలో నోటి దగ్గర లోతు 1.3 సెం.మీ. మాత్రమే మిగులుతుంది. 1 సెం.మీ. ఎత్తున ఉన్న నోటికి ఇది అంచు మీద ఉన్న స్థితి. గట్టు ఎక్కుతూ యాక్సిలరేటర్ ఇంకొంచెం తిప్పితే ఆ కొద్ది చమురూ వెనక్కి జారుతుంది.

ఎల్లారెడ్డి చుట్టుపక్కల పొలం గట్లు, కాలువ కట్టలు ఎక్కుతూ, వెనుక బస్తాలు మోస్తూ తిరిగే పాత బండిలో మూడు విషయాలు ఒకేసారి కలుస్తాయి. అరిగిన రింగుల వల్ల చమురు మండి మట్టం తగ్గుతుంది. బరువుకు ఇంజన్ ఎక్కువ వేడెక్కి చమురు పలుచబడుతుంది. గట్టు ఎక్కేటప్పుడు చమురు వాలుతుంది. చిన్న బండ్లలో చమురు ఒత్తిడిని సూచించే దీపం చాలావరకు ఉండదు. కాబట్టి హెచ్చరిక లేకుండానే అరుగుదల మొదలవుతుంది. కామారెడ్డి రహదారి మీద విన్యాసం చేసే యువకుడికీ, పొలం నుంచి వడ్లబస్తాతో వచ్చే రైతుకూ ఇంజన్ లోపలి సమస్య ఒక్కటే. ఒకరు దాన్ని కొని తెచ్చుకుంటారు, మరొకరికి అది చెప్పకుండా వస్తుంది.

అందువల్ల అందరికీ వర్తించే జాగ్రత్త చమురు మట్టం చూడటమే. బండిని చదునైన చోట, పక్క స్టాండు మీద కాకుండా నిటారుగా నిలిపి, తయారీసంస్థ చెప్పిన పద్ధతిలో పై గీతకూ కింది గీతకూ మధ్య చమురు ఉందో లేదో చూడాలి. పక్కకు ఒరిగిన బండిలో కొలిచిన మట్టం నిజమైన మట్టం కాదు. ఒరిగిన చెరువు గురించి పైన చెప్పినదంతా ఈ చిన్న కొలతకు కూడా వర్తిస్తుంది.

వీలీ విషయంలో చట్టం మరింత స్పష్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ప్రజలకు ప్రమాదకరంగా వాహనం నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకు 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మైనర్లు నేరం చేస్తే సంరక్షకుడికి లేదా వాహన యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించే 199ఎ సెక్షన్ కూడా ఆ సవరణతోనే వచ్చింది.

9. పదజాల పరిశీలన:

ఈ వివరణలో వాడిన మాటలు మూడు రకాలు. కందెన, తూము, మత్తడి, గట్టు అనేవి వ్యవసాయం నుంచి వచ్చినవి. స్నిగ్ధత, త్వరణం, గరిమనాభి అనేవి పాఠ్యగ్రంథాలు స్థిరపరచినవి. సంపు, పంపు, క్లచ్, బేరింగు అనేవి అన్యభాషల నుంచి వచ్చి తెలుగులో నిలిచినవి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానితోనూ వివరణ పూర్తికాదు. పరిమాణాన్ని కచ్చితంగా చెప్పవలసిన చోట పాఠ్యగ్రంథాల మాట కావాలి. వస్తువును గుర్తుపట్టవలసిన చోట మెకానిక్ వాడే మాట కావాలి. జరిగే తీరు మనసుకు అందవలసిన చోట రైతు మాట అన్నింటికంటే త్వరగా పనిచేస్తుంది. 'పంపు గాలి పట్టింది' అనే మూడు మాటలలో కారణం, ఫలితం రెండూ ఉన్నాయి.

పోలికకు హద్దులు కూడా ఉన్నాయి. చెరువునీటిని కదిలించేది గురుత్వం ఒక్కటే. సంపులోని చమురును త్వరణం కూడా కదిలిస్తుంది. తూము నుంచి నీరు తనంత తాను పారుతుంది, పీల్పునోటి నుంచి చమురును పంపు లాగాలి. ఈ తేడాలను చెప్పకుండా పోలికను మాత్రమే వాడితే విద్యార్థికి తప్పు అవగాహన కలుగుతుంది. పోలిక ఎక్కడ ఆగిపోతుందో చెప్పడం కూడా శాస్త్రబోధనలో భాగమే.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

- నిలకడగా సాగే వీలీలో చమురు వాలును నిర్ణయించేది చక్రం ఎత్తు ఒక్కటే కాదు, ప్రధానంగా గరిమనాభికీ వెనుకచక్రం నేలను తాకే చోటుకూ మధ్య ఉన్న గీత. తక్కువ ఎత్తు వీలీ ఇంజన్‌కు క్షేమం అన్న భావన సరికాదు.
- పంపుకు చమురు అందడం మట్టం, పీల్పునోటి స్థానం అనే రెండింటి మీద ఆధారపడుతుంది. అందకపోతే జరిగే నష్టం వ్యవధి మీద ఆధారపడుతుంది.
- గుండ్ల బేరింగులున్న చిన్న ఇంజన్లు కొద్దిపాటి కొరతను తట్టుకుంటాయి. పెంకు బేరింగులున్న పెద్ద ఇంజన్లకు ఆ ఓర్పు తక్కువ. లోతైన తొట్టి ఉన్నవి, చమురు నిల్వ లేని టూ-స్ట్రోక్ ఇంజన్లు వాలును బాగా తట్టుకుంటాయి.
- చమురు తగ్గిన బండికి గట్టు ఎక్కడం కూడా వీలీ వంటి పరీక్షే. ఈ సమస్య విన్యాసకారులకు మాత్రమే పరిమితం కాదు.
- కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల సేద్యపు పదజాలం ఈ విషయాన్ని వివరించడానికి చాలావరకు సరిపోతుంది. హద్దులు చెబుతూ వాడితే ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి శాస్త్రబోధనలో ఇది ఉపయోగపడుతుంది.

ఇంజన్ కాపాడగలిగేది తన భాగాలను మాత్రమే, అదీ కొన్ని క్షణాలపాటు. అడ్డుపలకలు, లోతైన తొట్టి, నిండు మట్టం ఏవీ బండి మీది మనిషిని కాపాడలేవు. చదును నేల మీద మట్టం చూసుకొని, రెండు చక్రాలూ నేల మీద ఉంచి నడిపే వారికి ఈ జాగ్రత్తలన్నీ మిగులుబలంగా ఉంటాయి. గట్టు ఎక్కేటప్పుడు పనికివచ్చేది ఆ మిగులే.